పదేళ్లు నిండితే ఆర్కిటెక్ట్ అయిపోతారా?

నమస్తే అండీ. కడపలో ఇంజినీరింగ్ పిల్లలతో ఎప్పుడు మాట్లాడినా ఒకటే ప్రశ్న: "అన్నా, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ (సిస్టమ్ మొత్తం ఎలా కట్టాలో నిర్ణయించేవాడు) కావాలంటే ఎన్నేళ్లు పడుతుంది?" ఈ ఏళ్ల లెక్క వింటే నాకు బాధేస్తుంది.

మన పోరుమామిళ్ల చెరువునే తీసుకోండి. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఇవన్నీ శాసనంలో ఉన్నాయి. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా రాశారు. నాకు ఆ దోషాలంటేనే ఇష్టం. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువవడం. తెగిన కట్టలు, ఎండిన మళ్లు కళ్లారా చూడనివాళ్లు ఇది రాయలేరు.

ఈ దోషాలు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటాయి. రెండు రాజ్యాల సరిహద్దు సంగతి చూడండి. ఒకే డేటాబేస్ టేబుల్‌ని రెండు టీమ్‌లు వాడుతున్నాయి. ఒకరు కాలమ్ పేరు మార్చారు, అవతలివాళ్ల బిల్లింగ్ ఆగిపోయింది. తూము ఎవరు తెరవాలి, పూడిక ఎవరు తీయాలి? అదే తగాదా. మనుషులు ఎలా మాట్లాడుకుంటారో సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. అది చదివినప్పుడు నాకు ఎక్కలేదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగి, ఆ టేబుల్ ఎవరిదో తెలియక తెల్లారేదాకా కూర్చున్నప్పుడు ఎక్కింది.

నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ అంటే? టీమ్‌లో నలుగురు, మైక్రోసర్వీసులు (సిస్టమ్‌ని ముక్కలు చేసి విడివిడిగా నడిపే చిన్న ప్రోగ్రాములు) ఇరవై. చివరి మడికి నీళ్లు అందవు.

రిలీజ్ కాగానే వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోతే, కట్ట పోసి వానలకు ముందే ఊరు వదిలినట్టు. అలా ఐదు ప్రాజెక్టులు చేసినా మీరు చూసినవి ఎండాకాలాలే. (అలా మార్చేది చాలాసార్లు కంపెనీలే, పిల్లల తప్పు కాదు.) ఒకే సిస్టమ్ దగ్గర మూడేళ్లుండి, మరవ (చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే దారి) పారడం, కట్టకు గండి పడడం చూసినవాళ్ల మాటను నేను ముందు వింటాను.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఆన్‌కాల్, అంటే సిస్టమ్ ఆగితే ఏ వేళైనా ఫోన్ ఎత్తే వంతు, తప్పించుకోకండి. పెద్ద నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అర పేజీ రాసిపెట్టి, ఏడాది తర్వాత చదవండి. పాత కోడ్ తీసేసే పని అడిగి మరీ తీసుకోండి, పూడికలో ఏముందో అప్పుడే తెలుస్తుంది. సర్టిఫికేషన్లు చేయండి, పదాలు తెలుస్తాయి. ఖర్చు, సెక్యూరిటీ గురించి వచ్చే వీడియోలో.

పోరుమామిళ్ల వైపు వెళ్తే ఆ శాసనం చూసి రండి. ఆరు దోషాల్లో మీ ప్రాజెక్టులో ఏది ఉందో కింద కామెంట్‌లో రాయండి.