మునిగాక చలేంటి అంటే ఎలాగమ్మా?

(సంక్రాంతి వెళ్లిన వారం, శుక్రవారం సాయంత్రం, విజయవాడ స్టూడియో)

యాంకర్: నమస్కారం. పండగ వెళ్లింది కానీ డబ్బాల్లో పిండివంటలు ఇంకా ఉన్నాయి. డైటీషియన్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో, ఎక్కణ్నుంచండీ?

కాలర్: సత్యనారాయణపురం అండీ. నమస్తే మేడమ్. నవంబరు నుంచి డైట్ చేస్తున్నా. రోజూ బీఆర్‌టీఎస్ రోడ్డు మీద వాకింగ్. నాలుగు కిలోలు తగ్గాను. తీపి అనేది ముట్టలేదు, ఒట్టు. పండక్కి మా అమ్మ తెనాలి నుంచి అరిసెలు పంపింది, స్టీలు డబ్బా నిండా. మొన్న పదకొండింటికి ఒకటి తిన్నానండీ. ఇక అయిపోయింది, మునిగాక చలేంటి అనిపించింది. మధ్యాహ్నం అన్నం మానేశాను...

డైటీషియన్: మానేసి?

కాలర్: రాత్రి పదింటికి వంటింట్లో లైటు కూడా వెయ్యలేదండీ. మూత చప్పుడైతే పిల్లలు లేస్తారని మెల్లిగా తీసి, నిలబడే అయిదు తిన్నాను. మర్నాడు మిషన్ ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ! అమ్మ ఫోన్ చేస్తే ఇంకా డబ్బా తెరవలేదని చెప్పాను. రెండు నెలల కష్టం పోయినట్టే కదా మేడమ్?

డైటీషియన్: ఎక్కడ మునిగారమ్మా? ఒక్క అరిసెకి పాదం తడిసిందంతే. అరచేతిలో పట్టే అరిసె సైజును బట్టి 150 నుంచి 200 కేలరీలు. మధ్యాహ్నం అన్నంతో పాటు అదీ లెక్కలో వేసుకుంటే ఏమీ కాదు. మీరు అన్నం మానేశారు, రాత్రికి ఆకలి, పైగా రెండు నెలల కరువు. అయిదు పడ్డాయి. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అంటే ఇదే. డబ్బా దగ్గర నిలబడి తినకండి. ప్లేటులో ఒకటి పెట్టుకుని, మూత పెట్టేసి, కూర్చుని తినండి.

కాలర్: కానీ రెండు కిలోలు...

డైటీషియన్: అది కొవ్వు కాదమ్మా. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదాని మీద 7,700 కేలరీల దాకా ఎక్కువ తినాలి. రెండు కిలోలకి 15 వేలు. ఆరు అరిసెల్లో అంత ఎక్కడిది? తిన్న పిండి, బెల్లం కొంత గ్లైకోజన్‌గా, అంటే ఒళ్లు దాచుకునే పిండిపదార్థంగా నిల్వ ఉంటాయి, గ్రాముకి మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతాయి. పండగ పులిహోర, జంతికల్లో ఉప్పు ఇంకాస్త నీరు ఆపుతుంది. మామూలుగా తింటే కొన్ని రోజుల్లో దిగుతుంది. రోజూ మిషన్ ఎక్కకండి.

కాలర్: సరేనండీ. అయినా అరిసెల్లో బెల్లమే కదా, పంచదార కాదు కదా?

డైటీషియన్: బెల్లమైనా బరువు విషయంలో పెద్ద తేడా లేదమ్మా. 100 గ్రాముల పంచదారలో 400 దాకా ఉంటే బెల్లంలో కొంచెమే తక్కువ. పైగా అరిసెని చెక్కల మధ్య ఎంత నొక్కినా నూనె కొంత మిగులుతుంది, గ్రాము నూనె 9 కేలరీలు.

కాలర్: అయితే మిగతావి పనమ్మాయికి ఇచ్చేసి, సోమవారం నుంచి గట్టిగా...

డైటీషియన్: మళ్లీ సోమవారమా! ఇవాళ శుక్రవారం. మధ్యలో రెండు రోజులు ఏం చేస్తారు, మిగిలినవి ఖాళీ చేస్తారా? రాత్రికి మామూలుగా అన్నం, పప్పు, కూర తినండి. డైట్ అక్కణ్నుంచే.

కాలర్: అంటే బెల్లం అయినా...

డైటీషియన్: (నవ్వుతూ) బెల్లం అయినా అంతేనమ్మా.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాత?

కాలర్: గుంటూరు, బ్రాడీపేట. స్వీట్లు మానేశాను, బరువు కదలట్లేదు. టీ మాత్రం తాగుతా.

డైటీషియన్: ఎన్ని?

కాలర్: మూడు. రెండేసి చెంచాలు.

డైటీషియన్: ఆరు చెంచాలు, 25 గ్రాముల దాకా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది: పైనుంచి కలిపే చక్కెర రోజు కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతానికి తగ్గితే ఇంకా మంచిది. ఆ 5 శాతం పెద్దవాళ్లకి మీ ఆరు చెంచాలే. మీ కోటా టీలోనే అయిపోతోంది. టీ మానకండి, ఒక్కో చెంచా తగ్గించండి. వారానికోసారి పూతరేకు తిన్నా ఫర్వాలేదు, డబ్బా దగ్గర నిలబడి మాత్రం వద్దు.

యాంకర్: పటమట నుంచి ఒకరు.

కాలర్: మేడమ్, కొవ్వు కరిగించే పౌడర్ ఆన్‌లైన్‌లో...

డైటీషియన్: వద్దు బాబూ. అందులో ఏం కలిపారో తెలీకుండా తాగొద్దు. నెక్స్ట్.

కాలర్: మంగళగిరి అండీ. నాకు షుగర్, మాత్రలు వాడతాను. బొబ్బట్లు తిన్న రోజు సరిచేద్దామని రాత్రి భోజనం మానేస్తుంటాను.

డైటీషియన్: అలా చెయ్యకండి! కొన్ని షుగర్ మాత్రలకి, ఇన్సులిన్‌కి తిండి తప్పితే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, చేతులు వణకడం, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. మీ డాక్టర్‌కి ఈ మానేసే సంగతి చెప్పండి, రేపే. ఏ మాత్ర వాడుతున్నారు?

కాలర్: పేరు... చీటీ లోపల ఉందండీ, ఉండండి... (లైన్ కట్)

యాంకర్: అయ్యో. టైమ్ కూడా అయిపోయింది. ధన్యవాదాలు మేడమ్.

డైటీషియన్: ఒక్క మాట. సత్యనారాయణపురం అమ్మ వింటుంటే, తెనాలికి ఫోన్ చేసి అరిసెలు బాగున్నాయని చెప్పండి. ఆవిడ ఎదురు చూస్తుంటారు.