అడ్డుతెర పక్కన

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఇద్దరు కెమెరాలు పైకెత్తి, నేను చూడగానే దించేశారు. పర్లేదు, తీసుకోండి. కాకపోతే మీరు తీస్తున్నారని తెలియగానే నా ముఖం మారిపోయింది. పొట్ట కూడా లోపలికి లాక్కున్నాను. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ పొట్ట గురించే, అంటే మనుషులు కెమెరా కోసం సర్దుకోకుండా ఉన్నప్పుడు తీసే క్యాండిడ్ ఫోటోల గురించి.

ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లు తీసి ఇల్లు గడుపుకుంటున్నాను. మిగిలిన డబ్బుతో కూచిపూడి వాళ్ల వెంట, భాగవతం మేళాల వెంట, నాటకాల వెంట తిరుగుతున్నాను. అన్నం పెట్టేది ఒకటి, సరదా తీర్చేది ఇంకొకటి, రెండింటికీ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. రెండుచోట్లా ఒక తెర ఉంటుందన్న సంగతి ఎందుకో తట్టలేదు.

కూచిపూడి వాళ్లు ఆడే సత్యభామ కథ, భామాకలాపం, చూసినవాళ్లకు తెలుసు. సత్యభామ నడుచుకుంటూ వచ్చి నిలబడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు జడ ఒక్కటే తెర మీదుగా ఇవతలికి పడుతుంది. మనిషి కనబడకుండానే ఆమె అతిశయం అంతా ఆ జడలో తెలిసిపోతుంది. ఆ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు.

ఒక మేళం వెనక రెండేళ్లు తిరిగాను. మొదటి ఆరు నెలలూ నా ఫోటోల్లో అందరూ నన్నే చూస్తున్నారు. లేదా నన్ను చూడనట్టు నటిస్తున్నారు, అది ఇంకా ఘోరం. దూరంగా నిలబడి పెద్ద లెన్సు వేశాను, లాభం లేదు. స్తంభం చాటున దాక్కున్నాను, అందరికీ అనుమానం పెరిగింది. ఒక రాత్రి తెర పట్టుకునే కుర్రాడు రాలేదు. మేళం గురువుగారు నన్ను చూసి, "ఊరికే నిలబడి ఏం చేస్తావు బాబూ, ఈ కొస పట్టుకో" అన్నారు. రెండు చేతులతో తెర పట్టుకుంటే కెమెరా ఎలా పట్టుకుంటాం? మెడలో వేలాడుతూ ఉండిపోయింది.

ఆ రాత్రి నాకు మొదటిసారి తెర అవతల ఏముందో కనబడింది. భామ వేషం కట్టిన ఆయనకు అరవై దాటాయి. సవరం గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్నారు. గజ్జెల ముడి సరిచేసుకుంటూ మోకాలు పట్టేసినట్టుంది, నా భుజం పట్టుకుని లేచారు. నేలను తాకి కళ్లకద్దుకున్నారు. తర్వాత కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఏమీ చేయలేదు. ఆ క్షణంలో ఆయన ముసలాయనా కారు, సత్యభామా కారు. ఇంతలో పాడేవాళ్లు దరువు, అంటే భామ ప్రవేశానికి పాడే పాట, అందుకున్నారు, ఆయన జడ విసిరారు, అంతే. నడుము వంపు దగ్గర్నుంచి చూపు దాకా ఆయన ఇంకో మనిషి.

ఫోటో లేదు. కానీ మర్నాటి నుంచి నన్ను చూసి ఎవరూ సర్దుకోవడం మానేశారు. నేను తెర పట్టే కుర్రాణ్ని. మెడలో కెమెరా ఉందన్నది చిన్న విషయం. తర్వాతి ఏడాదిన్నరలో నేను తీసిన మంచి ఫోటోలన్నీ ఆ తెర కొస నాకు సంపాదించి పెట్టినవే. అందుకే క్యాండిడ్ అంటే కనబడకుండా దొంగతనంగా తీయడం అని ఎవరైనా అంటే నాకు ఒప్పుదల కాదు. దొంగను చూస్తే అందరూ జాగ్రత్తపడతారు. ఇంటి మనిషిని చూసి ఎవరూ పొట్ట లోపలికి లాక్కోరు.

ఇక పెళ్లికి వద్దాం. జీలకర్ర బెల్లం దాకా వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. అటో మేనమామ, ఇటో బాబాయి పట్టుకుంటారు. ముహూర్తం వేళకు తలల మీద జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తారు. అందరి కెమెరాలూ ఆ తెర తీసే క్షణం కోసం కాచుకుని ఉంటాయి. నిజం చెప్పాలంటే ఆ ఫోటో నాకు పెద్దగా నచ్చదు. నాలుగు ఫోకస్ లైట్లు, రెండు వీడియోలు, పైన డ్రోను, "సార్ ఒక్కసారి అమ్మాయిని చూసి నవ్వండి" అని కేకలు. పాపం వాళ్లు నవ్వుతారు. తాళి కట్టడం కూడా "ఇంకోసారి కట్టినట్టు పట్టుకోండి" అంటాం కదా, నేనూ అన్నాను, సిగ్గుపడాల్సిన మాటే.

నేను కాచుకునేది అంతకు ముందు పది నిమిషాల కోసం. తెరకు అటు అమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉంటుంది. వందల మంది మధ్యలో ఒంటరితనం. వడ్డాణం గుచ్చుకుంటూ ఉంటుంది, సర్దుకుంటుంది. తెర కింద నుంచి అబ్బాయి కాళ్లు కనబడతాయి, ఒకసారి చూసి తల తిప్పుకుంటుంది. తలంబ్రాలప్పుడు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, పోటీ మొదలయ్యాక కెమెరాను ఎవరూ పట్టించుకోరు. బిందెలో ఉంగరం తీసేటప్పుడూ అంతే, చేతులు నీళ్లలో ఉంటాయి, ముఖాలు ఖాళీగా దొరుకుతాయి. అప్పగింతల్లో మాత్రం నేను ఇద్దరినీ వదిలేసి, ఏడవకుండా తిరుగుతున్న మనిషిని వెతుకుతాను. సాధారణంగా తండ్రి. క్యాటరింగ్ లెక్క చూస్తున్నట్టు నటిస్తూ ఉంటాడు.

ఇప్పుడు ప్యాకేజీల్లో ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్ వేరు, క్యాండిడ్ ఫోటోగ్రాఫర్ వేరు. ఒక పెళ్లిలో ఓ కుర్రాడు జంటను నిలబెట్టి "కాస్త క్యాండిడ్‌గా నవ్వండి" అన్నాడు. మేమంతా నవ్వాం. నవ్వాం గానీ, ఈ గొడవ మనతో మొదలైంది కాదు. 1950లో పారిస్ నగర పాలక భవనం ముందు ముద్దు పెట్టుకుంటున్న జంట ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. రాబెర్ డువానో అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ అమెరికా వాళ్ల లైఫ్ పత్రిక కోసం తీశాడు. ప్రపంచమంతా దాన్ని దారిన పోతూ దొరికిన ప్రేమ అనుకుంది. 1990ల్లో ఒక జంట, ఆ ఫోటోలో ఉన్నది మేమే అని కోర్టుకెక్కితే, అప్పుడు డువానో అసలు సంగతి చెప్పాడు. ఆ ఇద్దరూ నటన నేర్చుకుంటున్న విద్యార్థులు. అడిగి, ఒప్పించి, నిలబెట్టి తీసిన ఫోటో. అయితే వాళ్లిద్దరూ అప్పటికి నిజంగానే ప్రేమికులు. మరి ఆ ముద్దు అబద్ధమా? నాకైతే అలా అనిపించదు. దారిలో దొరికిందని లోకాన్ని అనుకోనివ్వడమే నాకు నచ్చలేదు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఇంకొకటి ఉంది. 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో, యుద్ధం ముగిసిందన్న సంబరంలో ఒక నావికుడు తెల్లబట్టల అమ్మాయిని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఐసెన్‌స్టాట్ తీసిన ఆ ఫోటోలో ఏ ఏర్పాటూ లేదు. మనవాళ్ల భాషలో నూటికి నూరు పాళ్లు క్యాండిడ్. ఆ అమ్మాయిని తానేనని చెప్పిన గ్రెటా ఫ్రైడ్‌మన్, తెల్లబట్టలు చూసి అందరూ అనుకున్నట్టు నర్సు కూడా కాదు, పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటు. ఆ మనిషెవరో తనకు తెలియదనీ, ఆ ముద్దు తన ఇష్టంతో జరిగింది కాదనీ ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పింది. జంట అని మనం అనుకున్న చోట జంటే లేదు. ఈ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఎవరి సంగతో ఎందుకు, నా సంగతే చెబుతాను. ఆ మేళంలో భామ వేషం వేసే ఆయన ఆట అయ్యాక ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుని రంగు తుడుచుకునేవారు. కొబ్బరినూనె, దూది. ఒక తెల్లవారుజామున ఆయన ముందున్న చిన్న అద్దంలో ముఖం కనబడింది. ఒక చెంప సత్యభామ, ఒక చెంప నెరిసిన గడ్డం. నొక్కాను. గొప్ప తెలివి అనుకున్నాను. ఆ వారమే ఆన్‌లైన్‌లో పెట్టాను. పొగడ్తలే పొగడ్తలు.

నాలుగో రోజు ఆయన ఫోన్ చేశారు. కోపంగా లేరు. "ఫోటో బాగుంది నాయనా. కానీ సగం చెరిగిన భామను నేను మా ఆవిడకు కూడా చూపించలేదు" అన్నారు. గోడవైపు ఎందుకు కూర్చుంటారో రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. వీపు తిప్పడం అంటేనే ఆయన చెప్పాల్సింది చెప్పినట్టు. నేను అద్దంలోంచి దూరాను. ఆన్‌లైన్ నుంచి తీసేశాను గానీ, అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

అప్పటి నుంచి ప్రింట్లు వేయించి వాళ్ల చేతికే ఇస్తున్నాను. రెండు కవర్లు పెడతాను. బయట చూపించుకోవచ్చు అన్నవి ఒకదాంట్లో, వద్దన్నవి ఇంకోదాంట్లో. ఇవాళ మీకు తెర మీద వేసేవన్నీ మొదటి కవర్లోవే. రెండోదాంట్లో ఇంతకంటే మంచివి ఉన్నాయి. వాటిని మీరు చూడరు.

వేషాలు కట్టుకునే గది, అదే గ్రీన్‌రూమ్, గురించి ఒక్క ముక్క. బట్టలు మార్చుకుంటున్న స్త్రీని ఆమె ఒప్పుకోకుండా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. తీయడానికి ఆమె ఒప్పుకుని, ఇంకొకరికి చూపడానికి ఒప్పుకోకపోతే, చూపడమూ నేరమే. మగవాళ్ల గదిలో ఈ సెక్షన్ రాకపోవచ్చు, మర్యాద అక్కడా ఉంది.

ఇంకోటి, వేషంలో ఉన్న కృష్ణుడు టీ తాగడం, హనుమంతుడు సెల్‌ఫోన్ చూసుకోవడం. ప్రతి ఎగ్జిబిషన్‌లో ఒకటి కనబడుతుంది. నేనూ ఓ పదిహేను తీశాను. అందులో మనిషి ఉండడు, మన జోకు ఉంటుంది. ఆయన రాత్రంతా ఆడాలి, టీ తాగక ఏం చేస్తాడు?

నాట్యం తీసేవాళ్లకు పని గురించి చెబుతాను. జతి, అంటే తాళానికి అడుగులు కలిపిన వరుస, ముగిసేచోట తీర్మానం అనే చివరి ముక్క మీద డాన్సర్ నిలబడుతుంది. అందరూ అక్కడే నొక్కుతారు. అది గురువుగారు తయారుచేసిన బొమ్మ, బాగుంటుంది, తీసుకోండి. నాకు కావలసింది దాని తర్వాతి అరక్షణం, ఊపిరి వదిలేటప్పుడు. తరంగం అనే కూచిపూడి అంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద ఆడుతున్నంతసేపూ ముఖం నవ్వుతూనే ఉంటుంది. పళ్లెం దిగి పాదం నేలకు ఆనినప్పుడు చూడండి, ఆ అమ్మాయి అసలు వయసు కనబడుతుంది. ఇది ముందే పట్టుకోవాలంటే తాళం తెలియాలి. కెమెరా కొన్న డబ్బులో పదో వంతు పెట్టి ఆరు నెలలు ఎవరి దగ్గరైనా తాళం నేర్చుకోండి.

గదిలో ఒకటే బల్బు ఉంటే 50 ఎం.ఎం. లెన్సు, 1.8 అపర్చరు, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 3200. ఫోటోలో గింజల్లా చుక్కలు వస్తాయి, రానివ్వండి. ఫ్లాష్ వద్దు. చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టరు మంచిదే గానీ, ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటో మీద చారలు పడతాయి. అలాంటి చోట మామూలు షట్టరే వాడి, మృదంగం గట్టిగా పలికినప్పుడు నొక్కండి. నెమ్మదిగా సాగే అభినయంలో చేతులు కట్టుకుని కూర్చోండి.

మరీ ఆలస్యమైంది. పై అంతస్తులో పిల్లలు రిహార్సల్ మొదలుపెట్టారు, గజ్జెల చప్పుడు వినబడుతోంది కదా. వాళ్ల టీచరుగారిని అడిగాను, రమ్మన్నారు. నీళ్ల క్యాను పైకి మోయడానికి ఇద్దరు కావాలట, చాపలు పరవడానికి ఒకరు. కెమెరాలు ఇక్కడే ఈ బల్ల మీద పెట్టి రండి. గంట తర్వాత కిందికి వచ్చి తీసుకుందాం.