ఆక్సిజన్ చావులు, రాజ్యసభలో ఒక ప్రశ్న

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ చట్టసభల్లో మన ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నల మీద మాట్లాడమన్నారు, టైమేమో తక్కువ, అందుకే క్వశ్చన్ అవర్ చరిత్ర అంతా పక్కన పెట్టేసి ఒకే ఒక్క ప్రశ్న కథ చెప్తాను.

కథ తిరుపతిలో మొదలవుతుంది. రుయా ఆస్పత్రి తెలుసు కదా, ఆ చుట్టుపక్కల ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందు గుర్తొచ్చే పెద్దాస్పత్రి. 2021 మే 10, సోమవారం రాత్రి. కోవిడ్ సెకండ్ వేవ్ మంచి ఊపు మీదున్న రోజులు, వార్డులు కిటకిటలాడుతున్నాయి, తమిళనాడు వైపు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకర్ లేటయింది, పైపుల్లో ప్రెషర్ పడిపోయింది. మళ్ళీ సప్లై అందుకునేదాకా ఓ ఐదు నిమిషాలు పట్టిందని అప్పటి కలెక్టరు చెప్పారు. ఐదు నిమిషాలే! పదకొండు మంది చనిపోయారు. ఇది అధికారులు చెప్పిన లెక్క, బంధువులైతే ఇంకా ఎక్కువే అన్నారు. టీవీల్లో అందరం చూశాం, బంధువులు అట్టముక్కలు పట్టుకుని పేషెంట్లకి విసురుతున్నారు, చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం పది లక్షల చొప్పున ప్రకటించింది కూడా.

ఇప్పుడు ఢిల్లీ వెళ్దాం. అదే ఏడాది జులై 20, రాజ్యసభ. కాంగ్రెస్ సభ్యుడు కె.సి. వేణుగోపాల్ ప్రశ్న వేశారు, సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ అందక చాలామంది కోవిడ్ పేషెంట్లు రోడ్ల మీద, ఆస్పత్రుల్లో చనిపోయిన మాట నిజమేనా అని. ఆరోగ్యశాఖ సహాయమంత్రి భారతీ ప్రవీణ్ పవార్ రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు, చావుల లెక్క ఎలా పంపాలో రాష్ట్రాలకి గైడ్‌లైన్స్ ఇచ్చాం, వాళ్ళు పంపుతూనే ఉన్నారు, అయితే ఆక్సిజన్ లేక చనిపోయారని ఏ రాష్ట్రమూ ప్రత్యేకంగా రిపోర్ట్ చేయలేదు, ఇదీ ఆ జవాబు.

ఏ రాష్ట్రమూ రిపోర్ట్ చేయలేదు. తిరుపతిలో పదకొండు మంది పోయి అప్పటికి రెండు నెలలు దాటింది, అయినా రిపోర్ట్ చేయలేదు. దేశమంతా గొడవైంది, అబద్ధం చెప్పారు అని ప్రతిపక్షాలు, రాష్ట్రాలు పంపకపోతే మేమేం చేస్తాం అని ప్రభుత్వం. నా మటుకు నాకు ఆ జవాబులో అబద్ధం కనపడలేదండీ, అదే ఎక్కువ బాధ. కాగితం మీద చూస్తే కరెక్టే! ఎంతమందికి కోవిడ్ వచ్చింది, ఎంతమంది పోయారు అని కేంద్రం అడిగేది, రాష్ట్రాలు పంపేవి, ఎందుకు పోయారు, ఆ రాత్రి సిలిండరు ఉందా లేదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా పట్టేది కాదు. అడగని లెక్క ఎవరూ పంపరు, పంపని లెక్క మంత్రి చెప్పరు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు మనవాళ్ళు, సభలో మాత్రం తిరగబడింది, చెప్పేవాడికి అడిగేవాడే లోకువ.

అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. గొడవ పెద్దదయ్యాక కేంద్రం రాష్ట్రాలకి రాసింది, ఆక్సిజన్ లేక ఎవరైనా పోయారా చెప్పండి అని. ఈసారి విడిగా అడిగారు కాబట్టి విడిగా చెప్పాల్సి వచ్చింది. ఆగస్టు రెండో వారంలో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన వివరం రాజ్యసభ రికార్డుల్లోకి ఎక్కింది, మే 10న రుయాలో వెంటిలేటర్ మీదున్న కొంతమంది పేషెంట్లు చనిపోయారు, పది కిలోలీటర్ల ట్యాంకు నుంచి బ్యాకప్ సిలిండర్లకి మారే మధ్యలో ఆక్సిజన్ లైన్లో ప్రెషర్ తగ్గినట్టు ప్రాథమిక ఎంక్వైరీలో తేలింది అని. చూడండి, జులైలో ఎక్కడా లేని చావులు ఆగస్టులో ఉన్నాయి. అప్పుడు కూడా ‘కొంతమంది’ అనే రాశారు, పదకొండు అన్న అంకె వెయ్యలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను ఈ పార్లమెంటు జవాబులు పనిగట్టుకుని చదువుతుంటాను, ఇంట్లో నవ్వుతారు, ఇదేం సరదా అని. కానీ చదివేకొద్దీ ఒకటి అర్థమైంది, ‘నిజమేనా’ అని అడిగితే తప్పించుకోవడానికి దారి ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా ఆస్పత్రిలో ఎంతమంది, ఎంక్వైరీ ఎవరు చేశారు, రిపోర్టు ఎప్పుడొచ్చింది అని అడిగితే తప్పించుకోవడం కష్టం. వేణుగోపాల్ గారి ప్రశ్న మంచిదే, దాని వల్లే కదా ఇంత బయటికొచ్చింది, కాకపోతే అందులో ఒక ఊరి పేరు, ఒక తేదీ ఉండుంటే జులైలోనే తేలిపోయేదేమో అని నా అనుమానం.

సరే, ఇది మనకెందుకు అంటారా? మీ ఎమ్మెల్యేకో ఎంపీకో మీరు కూడా ప్రశ్న అందించొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలీదు. అడగడం సభ్యుడే అడగాలి, కానీ విషయం మనం ఇవ్వొచ్చు. ముందు ఎవర్ని అడగాలో చూసుకోండి. ఆస్పత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, కాబట్టి మీ ఊరి పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, డాక్టర్ లేడని ఎంపీ దగ్గరికి వెళ్తే, పాపం ఆయన ఢిల్లీలో అడిగినా, రాష్ట్రాల సబ్జెక్టు అన్న జవాబే మళ్ళీ వస్తుంది. అది ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగాల్సింది. మంగళగిరి ఎయిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్, రైల్వే ఆస్పత్రులు ఇలా కేంద్రం నడిపేవైతే ఎంపీ. లోక్‌సభలో నోటితో జవాబు చెప్పే ప్రశ్నలు రోజుకి 20 మాత్రమే, వాటిక్కూడా లాటరీ, మిగతావి 230 దాకా రాతపూర్వకంగా వస్తాయి. నన్నడిగితే రాతపూర్వకమే మేలు, టీవీలో కనపడదు గానీ కాగితం మిగులుతుంది, పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్‌లో ఎవరైనా తీసి చదువుకోవచ్చు. లోక్‌సభలో సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అసెంబ్లీకి కూడా ముందే ఇవ్వాలి, కాబట్టి సభ మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు.

పెన్ను దగ్గరుంటే రాసుకోండి, నెమ్మదిగా చెప్తాను. మా మండలం ఫలానా పీహెచ్‌సీలో మంజూరైన డాక్టర్ పోస్టులెన్ని? ఇవాళ్టికి భర్తీ అయినవెన్ని? ఖాళీగా ఉన్నవి ఏ తేదీ నుంచి ఖాళీ? వాటిని భర్తీ చేసే నోటిఫికేషన్ ఎప్పుడిస్తారు? ఇంతే. ఇందులో తిట్టు లేదు, అభిప్రాయం లేదు, ఉంటే సభలో తీసుకోరు కూడా. ఫలానా అన్నచోట మీ ఊరి పేరు పెట్టి, అసెంబ్లీ సమావేశాలు మొదలవడానికి కనీసం నెల ముందు మీ ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.