బిడ్డ పుట్టిన తొలి రోజు

ఏఎన్‌ఎం సోదరీమణులకు, ఆశా కార్యకర్తలకు, మన్యం గ్రామాల నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందట ఒక గిరిజన యువకుణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. కాలేయ క్యాన్సర్, అప్పటికే ముదిరిపోయింది. వెంట వచ్చిన తల్లి ఒకటే మాట చెప్పింది: "వీడికి పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా కామెర్లు రాలేదు బాబూ." ఆమె చెప్పింది నిజం. పరీక్ష చేస్తే ఆమె రక్తంలోనూ హెపటైటిస్ బి వైరస్ ఉంది. కాన్పు వేళ మీ నుంచే వచ్చి ఉంటుందమ్మా అని ఆ తల్లికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కామెర్లు ఎందుకు రాలేదో మీరు తెలుసుకోవాలి. వైరస్‌తో శరీరం పోరాడినప్పుడు కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి. పెద్దవాళ్లలో నూటికి 95 మంది ఆ పోరాటంలో గెలుస్తారు. పసికందు ఒంటికి అది శత్రువని తెలియదు. పోరాటమే ఉండదు. అందుకే పుట్టుకతో సోకిన పిల్లల్లో నూటికి 90 మందిలో వైరస్ స్థిరపడిపోతుంది. ఇరవై ముప్పై ఏళ్లు చప్పుడు చేయదు, ఆ తర్వాత కొందరిలో కాలేయ క్యాన్సర్‌గా బయటపడుతుంది.

ఈ వైరస్‌ను మనిషి గుర్తించింది కూడా ఒక ఆదివాసి రక్తం వల్లనే. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్త నమూనాలో కొత్త ప్రోటీన్ కనుగొన్నారు. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. ఈనాడు గర్భిణులకు మనం చేయించే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష వెతికేది ఆ ప్రోటీన్‌నే. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు మనకు తెలుసు, రక్తమిచ్చిన మనిషి పేరు తెలియదు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

అమెరికాలోని మంచు ప్రాంతం అలాస్కా సంగతి మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల కష్టం మన కష్టం లాంటిదే. అక్కడి మూలవాసుల పల్లెల్లో చాలా వాటికి రోడ్డు లేదు. చిన్న విమానమో, పడవో, మంచు మీద నడిచే బండో ఉండాలి. ఆ పల్లెల్లో పిల్లలు సైతం కాలేయ క్యాన్సర్‌తో చనిపోయేవారు. 1980ల ఆరంభంలో టీకా చేతికి రాగానే గర్భిణులందరినీ పరీక్షించడం, పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేయడం మొదలుపెట్టారు. ఈ టీకా గడ్డకడితే పాడైపోతుంది. అంతా మంచే ఉన్న చోట దాన్ని గడ్డకట్టకుండా పల్లెకు చేర్చడం ఎంత పనో ఊహించండి. ఫలితం ఏమిటంటే, 1999 తర్వాత పదేళ్లకు పైగా ఆ సముదాయంలో ఇరవై ఏళ్ల లోపువారిలో ఒక్క కాలేయ క్యాన్సర్ కేసు కూడా నమోదు కాలేదు.

మన దేశంలోనూ ఈ బాధ ఉంది. నికోబార్ దీవుల గిరిజనులైన నికోబారీలలో ఐదుగురిలో ఒకరికి పైగా ఈ వైరస్ ఉన్నట్టు పరిశోధకులు చూశారు. దీన్ని చెప్పగానే కొందరు "వాళ్ల అలవాట్లే అంత" అంటారు. నేను ఒప్పుకోను. చిన్న సముదాయంలో తల్లి నుంచి బిడ్డకు, ఆ బిడ్డ నుంచి తోటి పిల్లలకు తరతరాలుగా పాకిన జబ్బుకు ఎవరి నడవడికనూ నిందించడానికి లేదు. మరో తప్పు చనుపాలు మాన్పించడం. చనుపాలతో ఇది సోకదు. టీకా వేయించి, ముర్రుపాలు పట్టించండి.

టీకా లేక మనం ఆగిపోలేదు. 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను మన దేశంలో తయారుచేసి చవకగా అందించింది. ఆ సంస్థను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు దానికి పెట్టుకున్నది తన తల్లి పేరు. 2011 నాటికి ఇది దేశమంతటా ఉచిత టీకాల కార్యక్రమంలో చేరింది. మనకు కొరవడింది వేళ. ఈ టీకా తొలి మోతాదు పుట్టిన 24 గంటల్లోపు పడాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది) టీకాలోనూ ఈ మందు ఉంది. అయితే తల్లి నుంచి వచ్చిన వైరస్ ఆరు వారాలు ఆగదు. డోలీ మీద మోసుకొస్తుండగా దారిలోనే కాన్పయిన తల్లి, వాగు పొంగి ఇంట్లోనే కన్న తల్లి, ఈ తొలి మోతాదు తప్పిపోయేది వీళ్ల పిల్లలకే.

అందుకే నేను అడిగేది చిన్న పని. గర్భిణికి పరీక్ష ముందే చేయించండి. వైరస్ ఉందని తేలితే నెలలు నిండకముందే పెద్దాసుపత్రికి పంపండి, అక్కడ తల్లికి వైరస్‌ను తగ్గించే మాత్రలు, బిడ్డకు టీకాతో పాటు వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ సూది ఇవ్వగలరు. నొప్పులు మొదలైతే మీకు ఎవరు ఫోను చేయాలో ఆ ఇంటివాళ్లతో, మంత్రసానితో ఇప్పుడే మాట్లాడుకోండి, వాళ్ల భాషలోనే. తల్లీబిడ్డల కార్డులో తేదీ ఒక్కటే రాసి వదలకండి. బిడ్డ పుట్టిన వేళ, టీకా పడిన వేళ, రెండూ పక్కపక్కన రాయండి. వచ్చే నెల ఆ కార్డులు నాకు చూపించండి.