నర్సుకి కానుక కొనేముందు ఒక్కసారి ఆమె చేతులు చూడండి

[దృశ్యం: బల్ల మీద పెద్ద కేకు పెట్టె. కట్టిన రిబ్బను ముడి కూడా విప్పలేదు.]

అచ్చం ఇలాంటి పెట్టే నేనూ కొన్నాను. నాన్నని డిశ్చార్జ్ చేసిన రోజు, వార్డులో సిస్టర్లందరికీ థాంక్స్ చెబుదామని ఇంత పెద్ద క్రీమ్ కేకు పట్టుకుని నర్సింగ్ స్టేషన్ దగ్గరికి వెళ్లాను. సరిగ్గా రాత్రి ఎనిమిదింటికి. అది షిఫ్టు మారే టైమని నాకేం తెలుసు! ఒక సిస్టర్ ఏ పేషెంటుకి ఏ మందు పడింది, ఎవరికి సెలైన్ ఇంకా ఎక్కుతోంది అని ఫైళ్లు తిప్పుతూ చెబుతోంది, ఇంకో సిస్టర్ రాసుకుంటోంది. మధ్యలో నేనూ, నా కేకూ. "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అని నవ్వి, పెట్టె తీసుకుని పక్కన పెట్టారు.

అక్కడ కత్తి లేదు, ప్లేట్లు లేవు. ఉన్న ఫ్రిజ్ మందులది, అందులో తిండి పెట్టకూడదు. మర్నాడు ఏదో రిపోర్టు కోసం మళ్లీ వెళ్తే అదే మూలన అదే పెట్టె. ముడి ముడిలాగే ఉంది.

నేను కొన్నది మంచి కేకే, కానీ అది తినాల్సిన మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడకుండా కొన్నాను. అందుకే ఈ వీడియోలో నేను చెప్పేది ఒకటే. ఏం కొనాలో తోచకపోతే ఒక పది నిమిషాలు నర్సు చేతుల్ని గమనించండి. (నేను "ఆమె" అంటున్నాను గానీ, వార్డుల్లో బ్రదర్లు కూడా ఉంటారు. వాళ్లకీ ఇదే లెక్క.)

[దృశ్యం: క్లోజప్. హ్యాండ్‌రబ్ (శానిటైజర్) రాసుకుంటున్న చేతులు.]

ముందు కనిపించేది కడుక్కోవడం. పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, ఇంజెక్షన్ లాంటి పని చేసే ముందు, రక్తం లాంటివి తగిలే పని అయ్యాక, ఆఖరికి మంచం పక్క బల్లని తాకినా సరే, చేతులు శుభ్రం చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 సందర్భాలు ఇవే. హ్యాండ్‌రబ్ అయితే ఒక్కోసారి 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. ఒక షిఫ్టులో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో మీరే ఊహించుకోండి. దాని మీద మళ్లీ గ్లవ్స్. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎర్రబడి, హ్యాండ్‌రబ్ తగిలితే భగ్గుమంటుంది.

కాబట్టి చేతులకి రాసుకునే క్రీమ్ చాలా మంచి కానుక. అయితే కొనేటప్పుడు కొంచెం చూసుకోవాలి. వాసన లేనిది తీసుకోండి. మనకి కమ్మగా అనిపించే గులాబీ వాసన, వికారంతో పడుకున్న పేషెంటుకి నరకం. మూత తీసి వేలు ముంచే డబ్బా వద్దు, పదిమంది వేళ్లు పెడితే క్రిములూ చేరతాయి. ట్యూబు గానీ పంపు సీసా గానీ మేలు. పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు రకాలు లేటెక్స్ (సహజ రబ్బరు) గ్లవ్స్‌ని దెబ్బతీస్తాయి కాబట్టి డ్యూటీలో పనికిరావు.

ఇప్పుడు మణికట్టు చూడండి. ఖాళీగా ఉంటుంది. చాలా ఆసుపత్రుల్లో డ్యూటీలో వాచీ, గాజులు, బ్రేస్‌లెట్లు పెట్టుకోనివ్వరు. వాటి కింద చేయి సరిగ్గా శుభ్రం కాదు కదా. అంటే ముచ్చటపడి కొన్న బ్రేస్‌లెట్ లాకర్లోనే ఉండిపోతుంది. దాని బదులు చొక్కాకి పిన్నుతో పెట్టుకునే నర్సు వాచీలు దొరుకుతాయి. డయల్ తలకిందులుగా వేలాడుతుంది, తల వంచి చూస్తే పెట్టుకున్నవాళ్లకి మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. సెకన్ల ముల్లు ఉన్నదే కొనండి, నాడి లెక్కపెట్టడానికి కావాల్సింది అదే. ఒక్క సిస్టరే మీవాళ్లని ఎక్కువగా చూసుకుని ఉంటే, అక్కడి నిబంధనలు ఒప్పుకుంటే, ఇది బావుంటుంది.

పెన్నుల సంగతి చెప్పకపోతే ఈ వీడియో పూర్తి కాదు. డాక్టర్ "ఒక్క నిమిషం" అని తీసుకున్న పెన్ను తిరిగి రాదు. సంతకం కోసం పేషెంటు బంధువుకి ఇచ్చిన పెన్నూ రాదు (ఆ బంధువుల్లో నేనూ ఉన్నాను, సిగ్గుపడుతున్నాను). ఒక చేత్తో నొక్కితే రాసే క్లిక్ పెన్నులు ఒక పెట్టెడు ఇవ్వండి. క్యాపు పెన్నులు వద్దు, రెండో చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

కప్పులు, కీచైన్లు, "ప్రపంచంలోనే బెస్ట్ నర్స్" అని రాసిన బొమ్మలు? వాళ్ల ఇంట్లో ఇప్పటికే అరడజను ఉంటాయి. వదిలేయండి.

పూలు చాలామంది తీసుకెళ్తారు. ఐసీయూల్లో సాధారణంగా లోపలికే రానివ్వరు, ఎందుకంటే కుండీ నీళ్లలో బాక్టీరియా పెరుగుతుంది. రబ్బరు బెలూన్లకీ లేటెక్స్ అలర్జీ భయంతో చాలాచోట్ల నో అంటారు.

[దృశ్యం: విడివిడిగా చుట్టిన చిరుతిళ్లు ఉన్న బుట్ట. ఒక చెయ్యి వచ్చి ఒకటి తీసుకుని వెళ్లిపోతుంది.]

తినేవి ఇవ్వాలనుకుంటే మళ్లీ చేతుల దగ్గరికే రండి. ఆ మనిషికి దొరికేది రెండు నిమిషాలు, అదీ నిలబడి. కొయ్యాల్సినవి, కారేవి, పొడి రాలేవి, వేళ్లకి అంటుకునేవి అక్కడ పనికిరావు. ఒక్కోటీ విడిగా ప్యాక్ చేసి ఉండాలి, ఫ్రిజ్ లేకపోయినా పాడవకూడదు, అందులో ఏమేం కలిశాయో పైన రాసి ఉండాలి. అన్నీ తీపివే కాకుండా కొన్ని పళ్లు, కొన్ని పప్పులు కలపండి. తీపి డబ్బాలు వార్డుకి ఎలాగూ వస్తూనే ఉంటాయి.

ఇంకో చిన్న కిటుకు. పొద్దున పెట్టిన డబ్బా రాత్రి షిఫ్టు వచ్చేసరికి ఖాళీ. మీవాళ్ల పక్కన తెల్లవార్లూ మేలుకున్నవాళ్లకి మిగిలేది ఉత్త అట్టపెట్టె. రెండు డబ్బాలు చేసి, రెండోదాని మీద పెద్ద అక్షరాలతో "రాత్రి డ్యూటీ వాళ్లకి" అని రాయండి. ఊడ్చి తుడిచిన ఆయమ్మని, స్ట్రెచర్ తోసిన వార్డుబాయ్‌ని లెక్కలోంచి తీసేయకండి.

డబ్బు మాత్రం ఇవ్వకండి, ఖరీదైనవీ వద్దు. బ్రిటన్‌లో నర్సుల్ని రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నియమావళి, చాలా చిన్నవి తప్ప ఏ కానుకనైనా తిరస్కరించమంటుంది. ఏదో ప్రత్యేకంగా చూసుకోవడం కోసం ఇచ్చారని ఎవరైనా అనుకోవచ్చు కాబట్టి. మీరు ప్రేమతో ఇచ్చిన కవరు వల్ల ఆవిడ సంజాయిషీ రాసుకోవాల్సి రావచ్చు. ఏది తీసుకోవచ్చో వార్డు ఇన్‌చార్జిని అడిగితే చెప్పేస్తారు. ఇచ్చేదేదో డిశ్చార్జ్ అయ్యేటప్పుడో, ఆ తర్వాతో ఇవ్వండి, చికిత్స మధ్యలో ఇస్తే ఇద్దరికీ ఇబ్బంది. కానుక అనేది చంద్రుడికో నూలుపోగు, అంతే. దాన్ని పట్టుచీర చేయబోతే వాళ్లకే చుట్టుకుంటుంది.

[దృశ్యం: తెల్లకాగితం, రాస్తున్న చెయ్యి.]

ఇక ఉత్తరం గురించి. దీనికి ఖర్చు లేదు కాబట్టి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాకైతే అన్నిటికన్నా ఇదే గొప్పది.

కాకపోతే "మీ సేవలు మరువలేనివి" అని రాస్తే ఏ నర్సుకైనా అతుకుతుంది. జరిగింది రాయండి. నేను చివరికి రాసింది ఇది: "మంగళవారం రాత్రి రెండింటికి నాన్న కంగారుపడి చేతికున్న సూది పీకేయబోయారు. సిస్టర్ ఆయన్ని కసరలేదు. లైటు తగ్గించి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని, మీరు చిన్నప్పుడు ఏ బడిలో చదివారు తాతగారూ అని అడిగారు. నాన్న చెబుతూ చెబుతూ నిద్రపోయారు."

నాలుగైదు వాక్యాలే. దీన్ని ఆ సిస్టర్‌కి ఒకటి, నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఒక కాపీ ఇవ్వండి. పై అధికారికి అందిందంటే ఆవిడ ఉద్యోగం ఫైల్లోకి చేరే వీలుంటుంది. బ్రిటన్‌లో నర్సులు ప్రతి 3 ఏళ్లకీ తమ రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి, పనిమీద వచ్చిన అభిప్రాయాలు 5 చూపించాలి. పేషెంటు మాట కూడా అందులో చెల్లుతుంది. కేకు అలా చెల్లదు కదా!

అమెరికాలో ఒక కుటుంబం దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. 1999లో వాళ్లబ్బాయి 33 ఏళ్లకే రోగనిరోధక శక్తికి సంబంధించిన జబ్బుతో చనిపోయాడు. అతన్ని చూసుకున్న నర్సులకి థాంక్స్ చెప్పాలని ఆ కుటుంబం డైసీ ఫౌండేషన్ పెట్టింది. పేషెంట్లూ ఇంట్లోవాళ్లూ తమకి ఎదురైన సంఘటన రాసి పంపితే, వాటిలోంచి ఎంచి నర్సులకి డైసీ అవార్డు ఇస్తారు. ఆ అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తిండి సహించని రోజుల్లో ఒకసారి దాల్చినచెక్క రోల్ నోటికి రుచించిందట. మర్నాడు తనకొకటి తెమ్మని, వార్డులో నర్సులందరికీ కూడా సరిపడా తెమ్మని వాళ్ల నాన్నని అడిగాడు. ఆ రోల్స్ అవార్డు ఇచ్చే వేడుకల్లోనూ పెడుతూ వచ్చారు.

ఎప్పుడివ్వాలి అంటే, మే 12న కాకుండా ఇంకెప్పుడైనా. ఆ రోజు అంతర్జాతీయ నర్సుల దినోత్సవం, 1820లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, వార్డు నిండా కేకులే ఉంటాయి. ఏ ప్రత్యేకతా లేని ఒక బుధవారం మధ్యాహ్నం వెళ్లండి. షిఫ్టు మారే టైమ్, మందులిచ్చే టైమ్ తప్పించి వెళ్లండి. నాలాగా ఎనిమిదింటికి వెళ్లకండి. సిస్టర్‌తో ఫొటో దిగి సోషల్ మీడియాలో పెట్టాలనుంటే ముందు ఆవిడని అడగండి, వెనకాల ఏ పేషెంటూ పడకుండా చూసుకోండి.

కొంతమంది కామెంట్లలో రాయకముందే చెబుతున్నాను. మీవాళ్లు ఆసుపత్రి నుంచి తిరిగి రాకపోయి ఉండొచ్చు. మళ్లీ ఆ మెట్లెక్కడం మీవల్ల కాకపోవచ్చు. పోస్టులో పంపండి. ఆరు నెలలైనా, ఏడాదైనా ఫర్వాలేదు. సిస్టర్ పేరు తెలియకపోతే తేదీ, వార్డు, బెడ్ నంబరు, రాత్రో పగలో రాయండి. ఆ పూట డ్యూటీలో ఎవరున్నారో వాళ్లు రిజిస్టరు తిరగేసి చూసుకుంటారు.