పొద్దు పోతుంది, కానీ పొద్దు పోదు: చలిదేశం వెళ్లేవాళ్లకు ఒక మాట

[హన్మకొండ, వడ్డేపల్లి చెరువు కట్ట. డిసెంబర్, ఉదయం 6:40. నీళ్ల మీద పొగమంచు. మంకీ క్యాపుల్లో నడుస్తున్న పెద్దవాళ్లు.]

నమస్తే. నా వెనక చూస్తున్నారుగా, మంకీ క్యాపు, మఫ్లరు, దాని మీద శాలువా. పదిహేను డిగ్రీలకే మన ఏర్పాట్లు ఇవి. నవ్వడం లేదు, నేనూ స్వెటర్ మీదే వచ్చాను.

మొన్న మా కాలనీలో ఒక తమ్ముడికి జనవరి సెమిస్టర్‌కు వీసా వచ్చింది. అమెరికాలో మినియాపోలిస్ పోతున్నాడు. నేను అక్కడ నాలుగు చలికాలాలు ఉన్నానని వాళ్ల నాన్న వెంటబెట్టుకుని వచ్చాడు. గంటసేపు కూర్చున్నారు. ఏ జాకెట్, ఎన్ని థర్మల్స్, బూట్లు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా. అన్నీ చెప్పాను. (బూట్లు అక్కడే కొనండి. ఇక్కడ దొరికేవి ఆ మంచు మీద జారతాయి. బట్టల సంగతి ఈ వీడియోలో ఇంతే.) వాళ్లు గేటు దాటాక తట్టింది, నన్ను అక్కడ నిజంగా పడగొట్టినదాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదని. చలికి జాకెట్ కొనుక్కుంటాం. సాయంత్రం నాలుగున్నరకే పడే చీకటికి ఏం కొనుక్కుంటాం?

[స్క్రీన్ మీద మూడు సామెతలు, ఒకదాని కింద ఒకటి.]

మా నానమ్మ అంటుండేది. కార్తీకమాసాన కడవ కడగ పొద్దుండదు. మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు. పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు. మూడూ చలికాలం సామెతలే, ఒక్కదాంట్లోనూ చలి ఊసు లేదు. అంతా పొద్దు గురించే.

మరి మన దగ్గర పొద్దు ఎంత తగ్గుతుంది? వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అంటే భూమధ్యరేఖకు అంత ఉత్తరాన. జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లో 11 గంటలు. ఆ రెండు గంటలకే ఇన్ని సామెతలు పుట్టాయి. మినియాపోలిస్ 45 డిగ్రీల మీద ఉంది. జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు, డిసెంబర్ 21 నాటికి 8 గంటల 46 నిమిషాలు. దాదాపు ఏడు గంటలు కోత! కెనడాలో ఎడ్మంటన్ అయితే ఏడున్నర గంటల పగలే మిగులుతుంది.

ఇది మెల్లగా జరిగితే కొంత నయం. కానీ అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. నేను వెళ్లింది 2017 ఆగస్టులో. ఆ నవంబర్ 4, శనివారం, ఆరింటికి పొద్దు గూకింది. మర్నాడు ఐదింటికే. మా అమ్మ ఇక్కడ రాత్రి తొమ్మిదికి అన్నాలు తిని ఫోన్ చేసేది, నాకు పొద్దున పదిన్నర. సోమవారం అదే ఫోన్ తొమ్మిదిన్నరకు మోగింది, సరిగ్గా క్లాసులో. కట్ చేశాను. మళ్లీ మోగింది. "ఏం బిడ్డా, ఫోన్ ఎత్తుతలేవు, పానం బాగలేదా?" అమెరికావాళ్లు గడియారం తిప్పారమ్మా అంటే నమ్మలేదు. గడియారం తిప్పుడేంది అంది.

ఆ రోజు ల్యాబ్ నుంచి ఐదున్నరకు బయటికొస్తే చిమ్మచీకటి. రూముకు పోయి అన్నం, ఆలుగడ్డ వేపుడు తిని ఏడింటికి పడుకున్నాను. నెలరోజులు అదే వరస. పది గంటలు పడుకున్నా లేవబుద్ధి కాదు. అన్నం, చిప్స్, స్వీట్లు, అవే తినాలనిపించేది. క్రికెట్ గ్రూపులో మెసేజ్‌లు చదవడం మానేశాను. బద్ధకం పెరిగింది అనుకున్నాను, నన్ను నేనే తిట్టుకున్నాను. మన భాషలో పొద్దు అంటే సూర్యుడు, కాలం కూడా పొద్దే కదా. అక్కడ పొద్దు నాలుగున్నరకే పోతుంది. ఆ తర్వాత ఎంతకీ పొద్దు పోదు.

[బొమ్మ: కన్ను, అక్కడి నుంచి మెదడులోకి ఒక గీత.]

దీనికి ఒక పేరుంది. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే రుతువుతో వచ్చి రుతువుతో పోయే డిప్రెషన్. 1984లో ఈ పేరు పెట్టిన బృందానికి పెద్ద నార్మన్ రోసెంతాల్ అనే డాక్టర్. ఆయన పుట్టింది దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గ్‌లో. ఎండ ఊరు. న్యూయార్క్ వచ్చాక చలికాలంలో తనకే ఒంట్లో సత్తువ తగ్గి, వసంతం రాగానే తిరిగి రావడం గమనించాడు. ఎండలో పెరిగి చీకట్లోకి వచ్చిన మనిషికి అది కనబడింది. నాకు ఆ సంగతి చదివినప్పుడు భలే ధైర్యం వచ్చింది.

జరిగేది ఇది. మన కంట్లో కొన్ని కణాలు ఉంటాయి, బొమ్మ చూడటం వాటి పని కాదు. ఎంత వెలుగుందో కొలిచి మెదడులోని గడియారానికి కబురు పెడతాయి. పొద్దున వెలుగు సరిగ్గా తగలకపోతే ఆ గడియారం వెనకబడుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ సమయం కూడా వెనక్కి జరుగుతుంది. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర పట్టదు, ఆకలి చస్తుంది. ఇందులో ఎక్కువగా తలకిందులు: నిద్ర పెరుగుతుంది, తిండి పెరుగుతుంది. అందుకే అందరూ బద్ధకం అనుకుంటారు. అందరికీ వస్తుందని చెప్పడం లేదు. కానీ కొద్దిపాటి మందగింపు మాత్రం నా రూమ్మేట్లలో ఎవరినీ వదల్లేదు.

చేయాల్సింది పొద్దున్నే చేయాలి. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు రెండు మూడు వందల లక్స్ ఉంటుంది. లక్స్ అంటే వెలుగును కొలిచే లెక్క. మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం లోపు ఒక అరగంట బయట నడవండి, సూర్యుడు కనబడకపోయినా సరే. అది చాలకపోతే లైట్ బాక్స్ అని దొరుకుతుంది. 10,000 లక్స్ ఉన్నది, అతినీల కిరణాలను ఆపేది చూసి తీసుకోండి. నిద్ర లేచిన గంటలోపు, ఒక మూర దూరంలో పక్కన పెట్టుకుని, ఇరవై ముప్పై నిమిషాలు. దానివైపు గుడ్లప్పగించి చూడనక్కర్లేదు, చాయ్ తాగుతూ పేపర్ చదువుకోవచ్చు. కంటి జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ (మనసు ఒకసారి మరీ పైకి, ఒకసారి మరీ కిందికి పోయే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు. విటమిన్ డి సంగతి వేరు, ఒక రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది.

ఇక మనసు. నార్వేలో ట్రోమ్సో అనే ఊరుంది, 69 డిగ్రీల అక్షాంశం మీద. నవంబర్ చివర్లో మునిగిన సూర్యుడు మళ్లీ జనవరిలోనే పైకి వస్తాడు. కారీ లీబోవిట్జ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ అక్కడికి వెళ్లి, చలికాలాన్ని ఎలా చూస్తారని నార్వే వాళ్లను అడిగింది. ఉత్తరానికి పోయే కొద్దీ చలికాలం అంటే ఇష్టంగా చెప్పినవాళ్లే ఎక్కువ. నిజం చెప్పాలంటే, ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. మైనస్ ఇరవైలో బస్సు కోసం నిలబడ్డవాడికి పాజిటివ్‌గా ఉండు అంటే ఏమనిపిస్తుంది? తర్వాత అమెరికాలోనే వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కెల్లీ రోహన్ చేసిన పరీక్ష గురించి తెలిసింది. కొందరికి లైట్ బాక్స్ ఇచ్చారు. కొందరికి "ఈ ఐదు నెలలు దండగే" లాంటి ఆలోచనలను పట్టుకుని ప్రశ్నించడం, చలికాలంలోనూ ఇష్టమైన పని పెట్టుకోవడం నేర్పారు. ఆ చలికాలంలో రెండు గుంపులవాళ్లూ సమానంగానే కోలుకున్నారు. రెండు చలికాలాల తర్వాత చూస్తే, నేర్చుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టింది తక్కువ మందికి. దీపం రోజూ వెలిగించాలి, నేర్చుకున్నది మాత్రం మనతోనే ఉంటుంది.

[పక్కపక్కన రెండు ఫొటోలు: మంచు కోట, కేస్లాపూర్ జాతర.]

మినియాపోలిస్ పక్కనే సెయింట్ పాల్. 1885లో ఒక విలేకరి ఆ ఊరిని ఇంకో సైబీరియా అని, చలికాలంలో మనుషులు బతికే చోటు కాదని రాశాడు. ఊరివాళ్లకు రోషం వచ్చింది. 1886లో మంచుదిమ్మెలతో కోట కట్టి జాతర మొదలుపెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. చూస్తుంటే నాకు మన నాగోబా జాతర గుర్తొచ్చింది. ఆదిలాబాద్ చలి ఎముకలు కొరికే కాలంలోనే కదా, గోండుల్లో మెస్రం వంశస్తులు గోదావరి నీళ్లు మోసుకుంటూ నడిచి కేస్లాపూర్ చేరేది, పుష్య అమావాస్య రాత్రి పూజ చేసేది. అలాంటి చలిలో మనుషులు ఒకచోట కూడటం మనకు కొత్తేం కాదు.

మా రెండో ఏడు అదే చేశాం. బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి రూములో వంట, ఎగ్గొట్టినవాడు గిన్నెలు తోమాలి. సంక్రాంతికి సకినాలు అన్నాం. నానబెట్టి పట్టించిన తడిపిండి అక్కడ ఎక్కడిది? ప్యాకెట్ పిండిలో నువ్వులు, వాము, నీళ్లు కలిపి, కార్పెట్ మీద పాత దుప్పటి పరిచి, అయిదుగురం చుట్టూ కూర్చున్నాం. ఫోన్ గోడకు ఆనించి పెడితే వీడియోలో అమ్మ. "వేళ్ల నడుమ మెలి తిప్పాలె, పిసుకుడు కాదు." రెండో చుట్టు రాకముందే తెగిపోయేది. చివరికి నూనెలో పడ్డవి సకినాలు కావు, తోకలు. తలెత్తి చూస్తే రాత్రి పదిన్నర. ఆ రోజు చీకటి ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు.

ఇంకో ఉచ్చు చెప్పాలి, దీని గురించి ఎవరూ హెచ్చరించరు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందని కదా మన సామెత. మనసులో తెలియకుండానే ఆ లెక్క ఉంటుంది. 2018లో శివరాత్రి ఫిబ్రవరిలో వచ్చి వెళ్లింది. ఉగాది మార్చిలో వెళ్లింది. ఏప్రిల్ మధ్యలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. డిసెంబర్‌లో ఏడవని నేను ఆ ఏప్రిల్‌లో బస్టాపులో ఏడ్చాను. మరుసటి ఏడు 2019 జనవరి 30న మైనస్ 33 డిగ్రీలు పడింది, అయినా అంత బాధ అనిపించలేదు, ఎందుకంటే మే దాకా చలికాలమే అని ముందే రాసిపెట్టుకున్నాను. వెలుగు మాత్రం ముందే తిరుగుతుంది. డిసెంబర్ రెండో వారం దాటితే సాయంత్రాలు మెల్లగా సాగుతాయి, మన సంక్రాంతికి అక్కడ పొద్దు గూకేది దాదాపు ఐదింటికి. పొద్దు గూకే సమయం రోజూ గోడ మీద రాసుకుంటే, పెరిగే ఆ నిమిషాలు కనబడతాయి.

రెండు వారాలు దాటినా మంచం దిగలేకపోతున్నా, బతకడం ఎందుకు అనిపించినా, ఈ వీడియోలోవి చాలవు. మీ కాలేజీ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. అమెరికా, కెనడా రెండింట్లోనూ ఇలాంటి సాయానికి 988కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడున్న అమ్మానాన్నలకు 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఆ తమ్ముడిని నిన్న మళ్లీ పిలిచాను, ఇదంతా చెప్పాను. ఈసారి వాళ్లమ్మ కూడా వచ్చింది. మా అమ్మ ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి వేరే క్లాసు పెట్టింది. నాకు వినబడింది ఇంతే: "నవంబర్‌ల వాళ్ల గడియారం తిప్పుతరు, గంట ఆగి ఫోన్ చెయ్యి. తిన్నవా అని తర్వాత అడుగు. పొద్దుగాల బయటికి పోయినవా అని ముందు అడుగు."

[చెరువు మీదికి ఎండ వచ్చింది. కట్ట మీద ఒక పెద్దాయన మంకీ క్యాపు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు.]