కార్డు మీది బొమ్మ, కెమెరా ముందు మనిషి

వేదిక మీది పెద్దలకు, నాతో పాటు పాఠాలు చెప్పే మిత్రులకు, వెనక వరసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం.

కడపలో నిలబడి సేకరణ గురించి మాట్లాడుతూ బ్రౌన్ దొరను తలవకుండా ఉండలేను. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరికి వచ్చిన ఆయన సొంత డబ్బుతో తాళపత్రాలు కొన్నాడు, పండితులకు జీతాలిచ్చి ప్రతులు సరిచేయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ఆ ఆకుల మీద ఏముందో తెలుసుకోవాలన్న ఆశే ఆయన చేత అంత పని చేయించింది.

నేను సేకరించేవి ఆటగాళ్ల కార్డులు. ప్రొద్దుటూరులో మా చిన్నప్పుడు బబుల్ గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. తర్వాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీవీరుల ట్రంప్ కార్డులు వచ్చాయి. ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన ఫైట్లు అన్నీ అట్ట మీద ఉండేవి. ఒకటో ర్యాంకు కార్డు ఎవరి చేతిలో ఉంటే ఆ పూట బడిలో వాడిదే రాజ్యం. నేను కపిల్ దేవ్ బొమ్మ కోసం మూడు బొమ్మలు ఇచ్చేశాను. కపిల్ బొమ్మకు విలువ ఎక్కువని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఇష్టం, అంతే. ఇప్పుడు మన పిల్లల తరఫున ఆ ఇష్టాన్ని ఫోన్లో వీడియోలు చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లు నిర్ణయిస్తున్నారు. ఈ రోజు నేను చెప్పుకోవాలనుకున్న బాధ అదే.

అసలు ఈ కార్డు పుట్టిందే ప్రచారం కోసం. అమెరికాలో 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు పెట్టి అమ్మింది. తమ ముఖంతో సరుకు అమ్మిపెట్టడమే ఇన్‌ఫ్లుయెన్సర్ల పని అనుకుంటే, ఆ ఆటగాళ్లు అప్పటి ఇన్‌ఫ్లుయెన్సర్లు. వాళ్లలో హోనస్ వాగ్నర్ అనే ఆయన తన బొమ్మ వేయొద్దన్నాడు. పిల్లలు బొమ్మ కోసం పొగాకు కొనడం ఆయనకు నచ్చలేదని ఎక్కువమంది చెబుతారు, డబ్బు దగ్గర బేరం కుదరలేదని ఇంకొందరు అంటారు. ఏదైనా, అచ్చు ఆగిపోయింది. బయటికి వచ్చిన కొద్ది కార్డుల్లో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అప్పటి లెక్కలో యాభై కోట్ల రూపాయలకు పైమాటే. నా ముఖం పెట్టి అమ్మొద్దన్న మనిషి కార్డుకు ఇంత ధర వచ్చిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇన్‌ఫ్లుయెన్సర్లందరినీ ఒకే గాటన కట్టను. కార్డు అంచులు ఎలా చూడాలి, బొమ్మ అట్టకు సరిగ్గా నడుమ పడిందో లేదో ఎలా కొలవాలి, నకిలీని వెలుతురుకు పెట్టి ఎలా పట్టుకోవాలి, ఇవన్నీ నేను వీడియోలు చూసే నేర్చుకున్నాను. గ్రేడింగ్ అంటే ఏమిటో కూడా అలాగే తెలిసింది. 1991లో మొదలైన పీఎస్‌ఏ లాంటి సంస్థలు కార్డును పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపిస్తాయి. ఓపిగ్గా ఇలాంటివి నేర్పే వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

నా గొడవంతా లైవ్‌లో కార్డుల పెట్టెలు తెరిచే వాళ్లతో. దాన్ని బ్రేక్ అంటారు. అమ్మేవాడు సీలున్న పెట్టె ఒకటి ముందు పెట్టుకుంటాడు. చూసేవాళ్లు తలా ఒక జట్టు పేరు కొనుక్కుంటారు. పెట్టెలో ఆ జట్టు ఆటగాళ్ల కార్డులు ఏవి వస్తే అవి వాళ్లవి, ఏవీ రాకపోతే డబ్బు పోయినట్టే.

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఒక రాత్రి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మామా, పది సెకన్లే ఉండాది, తొందరగా పదహైదు నూర్లు కొట్టు" అన్నాడు. ఫీజేమో అనుకుని పంపాను. మూడు వారాల్లో నాలుగుసార్లు అలా ఆరు వేలు పోయాయి. వాడికి దక్కింది రెండు మామూలు కార్డులు. మోసపోయాడేమో అని ఆ వీడియోలన్నీ కూర్చుని చూశాను. మోసం ఎక్కడా కనబడలేదు. అమ్మినవాడు చెప్పిన నియమం ప్రకారమే నడుచుకున్నాడు. నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. ఇంకెవరికో మంచి కార్డు వచ్చినప్పుడు కెమెరా ముందు మనిషి కుర్చీలోంచి లేచి కేకలు పెడుతుంటే, మా వాడు కూడా ఇక్కడ మంచం మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాడట. వాడు ఆరు వేలు పెట్టి కొనుక్కున్నది ఆ కేకను.

మన జిల్లాలో మట్కా ఎన్ని ఇళ్లు ముంచిందో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అంకె తగిలినవాడి పేరు సాయంత్రానికల్లా ఊరంతా పాకేది. పోగొట్టుకున్న వాళ్ల పేర్లు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. వీడియోల తీరూ అదే. వంద పెట్టెలు తెరిస్తే కేక పెట్టించిన ఒక్క పెట్టె ముక్కే కత్తిరించి అందరికీ పంచుతారు.

ఇంకో సంగతి చెబుతాను. పాల్ స్కీన్స్ అనే బేస్‌బాల్ బౌలర్ తొలి మ్యాచ్‌లో వేసుకున్న చొక్కా మీది గుడ్డముక్కతో, సంతకంతో, లోకం మొత్తానికి ఒకే ఒక్క కార్డు వేశారు. అది ఎవరికి దొరికితే వాళ్లు తనతో కూర్చుని మ్యాచ్ చూడొచ్చని ఆయన స్నేహితురాలు, సోషల్ మీడియాలో లక్షల అభిమానులున్న లివీ డన్ ప్రకటించింది. 2024 క్రిస్మస్ నాడు పదకొండేళ్ల అబ్బాయి పెట్టెలో అది బయటపడింది. 2025 మార్చిలో వేలంలో 11.1 లక్షల డాలర్లు పలికింది. ఆ పిల్లవాడి అదృష్టానికి నేనూ సంతోషించాను. కానీ దాని కోసం పెట్టెలు కొని ఖాళీ చేతులతో మిగిలిన పిల్లల మీద వార్త ఎవరు రాస్తారు?

ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు మన ఆడవాళ్లు ఏం చేస్తారు? నాలుగు అంగళ్లు తిరుగుతారు, హాల్‌మార్క్ చూస్తారు, తరుగు ఎంతో అడుగుతారు, పేపర్లో ఆ రోజు ధర చూసుకుని మరీ బేరమాడతారు. కార్డుకు అలా రోజూ అచ్చయ్యే ధర లేదు. కిందటిసారి ఎవడో ఒకడు ఎంత ఇచ్చాడన్నదే దాని ధర. ఆ ధర గురించి రోజూ మాట్లాడే మనిషి ఇంట్లోనే ఆ కార్డులు దొంతరలుగా ఉంటే, ఆ మాట అంగడివాడి మాటే అవుతుంది కదా.

కరోనా రోజుల్లో ఈ మాటల వేడి ఎంత పెరిగిందో చూశాం. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ బొమ్మతో ఫ్లీర్ కంపెనీ 1986లో వేసిన కార్డు, పది గ్రేడుది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లు పలికింది. 2022 నాటికి అందులో సగం కూడా రాలేదు. ఆ 2021 మార్చిలోనే వచ్చిపడిన కార్డుల కుప్పలు తట్టుకోలేక పీఎస్‌ఏ చాలా సేవలు ఆపేసింది. మే నెలలో కార్డుల దగ్గర గొడవ ముదిరి తుపాకీ తీసేదాకా పోతే అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాలు వాటి అమ్మకమే కొన్నాళ్లు నిలిపేశాయి. చివర్లో కొన్నవాళ్లే ఎక్కువ మునిగారు, వాళ్లలో చాలామంది వీడియోలు చూసి వచ్చిన కొత్తవాళ్లు.

మన దేశంలో దీనికి చట్టం ఉంది. ఒక వస్తువును పొగిడే మనిషి డబ్బు తీసుకున్నా, ఉచితంగా సరుకు తీసుకున్నా ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా కనబడేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయండి. సిగ్గుపడి ఊరుకోవద్దు.

మా వాడిని నేను తిట్టలేదు. తిడితే ఫోన్ దాచుకుంటాడు, అంతకన్నా ఏమీ ఒరగదు. ఒకటే అడిగాను, "ఎవరూ చెప్పకపోతే నువ్వు ఎవరి కార్డు దాచుకునేటోనివిరా?" చాలాసేపు ఆలోచించి శ్రీ చరణి పేరు చెప్పాడు. మన కడప జిల్లా అమ్మాయి. 2025 మహిళల క్రికెట్ ప్రపంచ కప్పులో పద్నాలుగు వికెట్లు తీసి కప్పుతో ఇంటికి వచ్చింది. వాడు చూసే ఛానెళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా వినపడలేదట.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించాం. అసలు కార్డు కొలతే తీసుకున్నాం, రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. పెళ్లిపత్రిక అట్ట మీద మైదాపిండి జిగురుతో అంటించాం. వెనక వికెట్ల లెక్క వాడే రాశాడు, ఒక అంకె కొట్టేసి మళ్లీ దిద్దాడు. దాన్ని నా ఆల్బమ్‌లో కపిల్ పక్కనే పెట్టాను. ఆల్బమ్ ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. చేతులు తడి లేకుండా తుడుచుకుని, ఒక్కొక్కరుగా వచ్చి చూడండి.